విద్యార్థి పనికిని ఒక మినిట్సు పుస్తకము

నర్సీపట్నము చుట్టుపట్ల గల గొలుగొండ, నాతవరము, మాకవరపాలెము, రోలుగుంట మండలముల గ్రామములనుండి పాలిటెక్నిక్కులకును, ఇంజనీరింగు కళాశాలలకును, డిగ్రీ కళాశాలలలోని కంప్యూటరు తరగతులకును పోవు బాలబాలికలు నేడు పలువురు కలరు. గ్రామీణ విద్యార్థుల నిమిత్తమే 2008లో నెలకొల్పబడి, ప్రజలచే ట్రిపుల్ ఐటీ అని పిలువబడు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము కొందరిని పదవ తరగతి కాగానే చేర్చుకొనుచున్నది. ఇట్టి పిల్లలు సెలవులకు ఇల్లు చేరినప్పుడు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, "ప్రెసిడెంటు గారూ, ఒక్క గంట నెట్ వాడుకోనివ్వండి, అసైన్‌మెంటు పుష్ చెయ్యాలి" అని అడుగుట కద్దు. అసైన్‌మెంటనగా ఉపాధ్యాయుడు చేసి తెమ్మన్న పని. అది అందరికిని తెలియును. మరి ఈ పుష్ అనగా నేమి? కాగితముపై వ్రాసి ఇచ్చిన చాలదా? ఆఫీసు కంప్యూటరు ఇచ్చినందువలన పంచాయతీకి చిక్కులేవైన వచ్చునా? సభ్యులు అడుగదగిన ప్రశ్నలే ఇవి. వీనికి సమాధానము చెప్పుటకే మేము ఈ పాఠము వ్రాయుచున్నాము.

చెరపరాని పుస్తకము

ప్రోగ్రామనగా కంప్యూటరు ఏ పనిని ఏ క్రమములో చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుస. అది ఒక్క పూటలో వ్రాసి ముగించునది కాదు. నేడు పది పంక్తులు వ్రాయుదురు. రేపు అందు రెండు తప్పని తేలును. ఎల్లుండి మరి ఐదు చేర్చుదురు. ఇట్లు మారిన ప్రతి రూపమును విద్యార్థి వేరు ఫైలుగా దాచి, దానికి "ఫైనల్" అని పేరు పెట్టును. మరునాడు "ఫైనల్ రెండు" అనును. ఆపై "అసలైన ఫైనల్" అనును. తుదకు ఏది తాజాయో వ్రాసినవానికే తెలియదు. ఈ చిక్కును తీర్చుటకు పుట్టిన పద్ధతికి వెర్షన్ కంట్రోల్ అని పేరు. మన మాటలో మార్పుల చిట్టా అనవచ్చును. అట్టి చిట్టాను ఉంచు సాధనములలో నేడు మిక్కిలి వ్యాప్తిలోనున్నది గిట్ అనునది.

పంచాయతీ మినిట్సు పుస్తకము ఎరిగినవారికి గిట్ సగము తెలిసినట్లే. మినిట్సు పుస్తకమునందు పుటలకు ముందే అంకెలు వేయబడియుండును. ఒకసారి వ్రాసిన తీర్మానమును చెరపి దానిపై వేరొకటి వ్రాయరాదు. మార్చవలసివచ్చినచో మరియొక సమావేశములో మరియొక తీర్మానము చేయుదురు. పాతది పాతదిగానే నిలిచియుండును. ఎవరు ప్రతిపాదించిరి, ఏ తేదీన జరిగెను అనునది కూడ అందే యుండును. ఈ ప్రాంతమువారికి వ్రాతమూలకమైన లెక్క విలువను వేరుగ చెప్పనక్కరలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసినప్పుడు, తాను తీసికొన్న ఆయుధముల లెక్కను ఆ ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసి పోయెను.

గిట్‌లో ఒక్కొక్క నమోదును కమిట్ అందురు. కమిట్‌లో వ్రాసినవాని పేరు, తేదీ, గంట, ఏయే ఫైళ్లు ఎట్లు మారినవో ఆ వివరము, ఎందుకు మార్చెనో తెలుపు ఒక చిన్న వాక్యము ఉండును. ప్రతి కమిట్‌కును నలుబది అక్షరముల గుర్తు ఒకటి ఏర్పడును. ఆ గుర్తును కంప్యూటరు ఊరక వేయదు. కమిట్‌లోని విషయమునుండియు, దాని ముందటి కమిట్ గుర్తునుండియు లెక్కకట్టి తీయును. కావున ఎవరైన నడుమనున్న పాత నమోదును రహస్యముగా దిద్దినచో, దాని గుర్తు మారును. దానితోపాటు తరువాతి గుర్తులన్నియు మారిపోవును. పుట చింపి క్రొత్త పుట అతికించిన పుస్తకమును ఆడిటరు పట్టినట్లు దీనిని పట్టవచ్చును.

ఒక ఉదాహరణము చూతము. ఒక విద్యార్థిని ఇంటి పన్ను లెక్కల ప్రోగ్రామును వ్రాయుచున్నదనుకొనుడు. సోమవారమునాడు ఆమె ఇంటి నెంబరును, ఆ సంవత్సరపు డిమాండును తీసికొను భాగమును వ్రాసి, "డిమాండు నమోదు చేర్చితిని" అని కమిట్ చేయును. బుధవారమునాడు పాత బాకీని కూడు భాగము చేర్చును. శుక్రవారమునాడు లెక్క సరిచూడగా, పన్ను పూర్తిగా చెల్లించినవారికి కూడ బాకీ చూపుచున్నట్లు తెలియవచ్చును. తప్పు దిద్ది మరల కమిట్ చేయును. ఇప్పుడు ఉపాధ్యాయుడు ఏ రెండు కమిట్లనైనను ప్రక్కప్రక్కన పెట్టి చూడగలడు. తీసివేసిన పంక్తులకు ముందు తీసివేత గుర్తును, చేర్చిన పంక్తులకు ముందు కూడిక గుర్తును కనబడును. శుక్రవారపు దిద్దుబాటు తప్పని తేలినచో బుధవారపు రూపమును మరల తెచ్చుకొనవచ్చును.

సమర్పణ జరుగు తీరు

ఉపాధ్యాయుడు ఇంటర్నెట్టుపై నున్న ఒక సర్వరునందు ప్రతి విద్యార్థికిని ఒక అర కేటాయించును. దీనికి రిపాజిటరీ అని పేరు. ఇట్టి అరలనిచ్చు సంస్థలలో గిట్‌హబ్ 2008లో ప్రారంభమైనది; 2018లో దానిని మైక్రోసాఫ్టు సంస్థ కొన్నది. గిట్‌ల్యాబ్ మొదలగునవియు కలవు. కొన్ని విద్యాసంస్థలు సొంత సర్వరునే ఉంచుకొనును. విద్యార్థి ఆ అర యొక్క నకలును తన కంప్యూటరునకు దింపుకొనును. దీనిని క్లోన్ అందురు. తన యొద్ద పని చేసి కమిట్లు వ్రాసి, పిమ్మట వానినన్నిటిని సర్వరునకు చేరవేయును. ఈ చేరవేయుటయే పుష్. గడువు ముగియునప్పటికి సర్వరునందు ఏది యున్నదో దానినే సమర్పించిన పనిగా గ్రహింతురు. పెక్కు చోట్ల పుష్ అయిన వెంటనే సర్వరే ఆ ప్రోగ్రామును నడిపి, ఉపాధ్యాయుడు ముందుగా ఏర్పరచిన పరీక్షలలో ఎన్నింట నెగ్గెనో చెప్పును. ఉపాధ్యాయుడు పంక్తి ప్రక్కన తన అభిప్రాయమును వ్రాయగలడు. విద్యార్థి దిద్దుకొని మరల పుష్ చేయగలడు. ఈమెయిలులో పంపిన ఫైలునకు ఈ సౌకర్యము లేదు. కాగితమునకు అసలే లేదు.

గురుశిష్యుల పనికిని ఈ చిట్టాకును గల సంబంధము పాతదే. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1972లోనే ఇట్టి సాధనము ఒకటి తయారయ్యెను గాని, మేము చెప్పదలచినది హాలెండు దేశపు కథ. ఆమ్‌స్టర్‌డాము నగరములోని ఒక విశ్వవిద్యాలయములో డిక్ గ్రూనె అను అధ్యాపకుడు 1984, 1985 సంవత్సరములలో తన ఇద్దరు శిష్యులతో కలిసి ఒక పెద్ద ప్రోగ్రామును వ్రాయుచుండెను. శిష్యులలో ఒకడు ఉదయము తొమ్మిదికి వచ్చి సాయంత్రము ఐదింటికి పోవు నియమము కలవాడు. రెండవవానికి వేళాపాళా లేదు. గురువునకు సాయంకాలములు మాత్రమే తీరిక. ముగ్గురును ఒకచోట కూర్చుండు వీలు లేదు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు తెలియక చెరపు ప్రమాదమున్నది. అందువలన ఎవరి వేళలో వారు పని చేసి, ఎవరి మార్పును వారు వేరుగ నమోదు చేయుటకు వీలగు సాధనమును గ్రూనె తయారుచేసెను. 1986లో లోకమునకు విడుదలయిన ఆ సాధనము సీవీఎస్ అను పేర చాల ఏండ్లు వాడుకలో నుండెను. వేళలు కుదరని ముగ్గురి అవసరమునుండి అది పుట్టినదన్న మాటను సభ్యులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. బస్సు వేళకు ఊరు విడిచి, బస్సు వేళకు ఊరు చేరు మన పిల్లల అవసరమును అట్టిదే.

గిట్ తరువాత వచ్చినది. లినక్సు అను ఉచిత వ్యవస్థను నిర్మించిన లైనస్ టోర్వాల్డ్స్, తాము అంతవరకు వాడుచున్న సాధనమును ఉచితముగా వాడుకొను వీలు పోవుటచే, 2005 ఏప్రిల్‌లో గిట్‌ను వ్రాయ మొదలిడెను. కొలది దినములలోనే గిట్ తన చిట్టాను తానే ఉంచుకొను స్థితికి వచ్చెను. సీవీఎస్ వంటి వానికిని దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. వానిలో చిట్టా ఒక్క సర్వరుననే యుండెడిది; సర్వరుతో సంబంధము లేనిదే నమోదు చేయ వీలులేకుండెను. గిట్‌లో ప్రతివాని యొద్దను పూర్తి చిట్టా యుండును. కమిట్ చేయుటకు ఇంటర్నెట్టు అక్కరలేదు. పుష్ చేయుటకే కావలెను.

గ్రామములకు ఇది చాల గొప్ప సౌకర్యము. సెల్‌ఫోను సిగ్నలు అందని కొండ దిగువ ఊరిలోనైనను విద్యార్థి వారము దినములు కూర్చుండి ఇరువది కమిట్లు వ్రాయవచ్చును. నర్సీపట్నము వచ్చినప్పుడో, పంచాయతీ ఆఫీసులోనో ఐదు నిమిషములు నెట్ దొరికినచో అన్నిటిని ఒక్కసారి చేరవేయవచ్చును. పైన చెప్పిన పన్ను ప్రోగ్రామువంటిది కొన్ని కిలోబైట్లకు మించదు. సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫొటో దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. నెమ్మదియైన నెట్ కూడ దీనికి చాలును. వీడియోలను, పెద్ద పట్టికలను అరలో వేయబోయినవారికే ఇబ్బంది. నూరు మెగాబైట్లు మించిన ఫైలును గిట్‌హబ్ త్రోసివేయును.

ఒకే ఒక్క కమిట్

ఇక అసలు విషయమునకు వత్తము. ఇద్దరు విద్యార్థుల ప్రోగ్రాములు అచ్చముగా ఒకే తీరున నున్నవనుకొనుడు. ఒకని చిట్టాలో పది దినములలో పదునాలుగు కమిట్లు కలవు. మధ్యలో చేసిన తప్పులు, వాని దిద్దుబాట్లు కనబడుచున్నవి. రెండవవానిది గడువునకు పది నిమిషముల ముందు వచ్చిన ఒకే ఒక్క కమిట్. ఉపాధ్యాయుని అనుమానము ఎవరిపై బోవునో చెప్పనక్కరలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుండి ప్రోగ్రామును యంత్రమే వ్రాసి ఇచ్చుచున్నందున, ఈ అనుమానము మరింత పెరిగినది. ముగింపును మాత్రమే చూచి మార్కులు వేయుటకు ఉపాధ్యాయులు వెనుదీయుచున్నారు. పని జరిగిన క్రమమును చూపుమనుచున్నారు.

ఇది న్యాయమే. కాని ఇందు ఒక అన్యాయము దాగియున్నది. ఇంట కంప్యూటరు గల విద్యార్థి దినదినమును కమిట్ చేయును. కంప్యూటరు లేని విద్యార్థి ఏమి చేయును? నోటుపుస్తకములో పెన్సిలుతో వ్రాసికొనును, కొట్టివేయును, మరల వ్రాయును. కళాశాల ప్రయోగశాలలో యంత్రము దొరికిననాడు అంతయు ఒక్క బిగిన టైపు చేయును. ఆ పని పూర్తిగా అతనిదే. కాని చిట్టాలో కనబడునది ఒక్క కమిట్. కష్టపడిన పేదపిల్లవాడును, ఇతరుని పనిని కాపీ కొట్టినవాడును ఆ చిట్టాలో ఒకే తీరున కనబడుదురు. ఒక్క కమిట్‌ను దొంగతనమునకు సాక్ష్యముగా తీసికొనరాదనియే మా అభిప్రాయము. విద్యార్థిని పిలిచి నాలుగు ప్రశ్నలు వేసినచో నిజము తేలును. నోటుపుస్తకమును తెమ్మన్నచో మరింత స్పష్టమగును. అయినను అనుమానము వచ్చిన పిమ్మట తీర్చుకొనుటకంటె అది రాకుండ చూచుకొనుట మేలు గదా. వారమునకు రెండు మూడు సాయంత్రములు ఒక యంత్రము దొరికినచో ఆ పిల్లవాని చిట్టాయు పది కమిట్లతో నిండును. పంచాయతీ చేయగల సహాయము ఇక్కడనే యున్నది.

ఆఫీసు కంప్యూటరునందలి మెళకువలు

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడినప్పటినుండి చాల పంచాయతీలలో కంప్యూటర్లు వచ్చినవి. పంచాయతీ లెక్కలు ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కుచున్నవి. కావున ఆఫీసు పనిచేయు యంత్రమును, పాస్‌వర్డులును, డిజిటల్ సంతకపు పరికరమును విద్యార్థుల చేతికి ఈయదగదు. వేరుగ ఒక పాత యంత్రమున్నచో దానిని ఈయవలెను. అదియు లేనిచో, ఉన్న యంత్రమునందే విద్యార్థులకు వేరు ఖాతా తెరువవలెను.

పాత యంత్రములతో ఒక తంటా కలదు. లోపలి గుండీ బ్యాటరీ నీరసించినచో కంప్యూటరు గడియారము ఏ పది, పదునైదేండ్ల వెనుకకో పోవును. గిట్ కమిట్‌పై వేయు తేదీ ఆ గడియారమునుండి తీసికొన్నదే. అట్టి యంత్రముపై వ్రాసిన పని ఆ పిల్లవాడు బడిలో చేరక ముందే వ్రాసినట్లు నమోదగును. ఉపాధ్యాయుడు నవ్వి ఊరకొనవచ్చును, అనుమానింపనువచ్చును. పని మొదలిడుటకు ముందు తేదీ సరిచూచుకొనవలెను. బ్యాటరీ మార్పించుట పెద్ద ఖర్చు కాదు. గడియారము విద్యార్థి చేతిలోనిది గనుకనే, గడువు విషయములో ఉపాధ్యాయులు కమిట్ తేదీని గాక, పుష్ సర్వరునకు చేరిన వేళను చూచుట సరియైన పద్ధతి.

ఒకే యంత్రమును పలువురు వాడునప్పుడు రెండవ చిక్కు వచ్చును. గిట్ మొదటిసారి ఎవరి పేరు చెప్పిన ఆ పేరునే జ్ఞాపకముంచుకొనును. ముందు వచ్చిన పిల్లవాడు తన పేరు యంత్రమంతటికిని వర్తించునట్లు పెట్టి పోయినచో, తరువాత వచ్చిన బాలిక చేసిన కమిట్లన్నియు అతని పేరనే పడును. ఆమె పది దినముల కష్టము పరుల పద్దులో చేరినట్లగును. ఎవరికి వారు తమ పని అరలోనే తమ పేరును నిలుపుకొనవలెను. పోవునప్పుడు ఖాతానుండి బయటికి రావలెను. 2021 ఆగస్టు 13 నుండి గిట్‌హబ్ పుష్‌కు మామూలు పాస్‌వర్డును అంగీకరించుట లేదు. టోకెన్ అను పొడవైన సంకేతమునో, తాళపు ఫైలునో కోరును. ఆ టోకెన్‌ను కాగితముపై వ్రాసి గోడకు అంటించుట కూడదు. ఇంటి తాళపు చెవిని గుమ్మమునకు వ్రేలాడదీసినట్లగును.

పెన్‌డ్రైవులో పని తీసికొనిపోవువారికి మరియొక మాట. చిట్టా యంతయు డాట్ గిట్ అను దాగిన అరలో ఉండును. మామూలుగా చూచిన అది కంటికి కనబడదు. కనబడు ఫైళ్లను మాత్రమే ఎంచి నకలు తీసికొన్నచో ప్రోగ్రాము వచ్చును గాని చరిత్ర రాదు. పై అరను మొత్తముగా ఎత్తి వేసికొనవలెను.

ఊరి లెక్కలు ఊరు దాటకుండుటకు

పంచాయతీ సభ్యులు తామై జాగ్రత్త వహింపవలసినది ఇంకొకటి కలదు. విద్యార్థులు ప్రాజెక్టు పేర పన్నుల పట్టికను, పింఛనుదారుల జాబితాను, రేషను కార్డుల వివరములను ఇప్పించుమని అడుగవచ్చును. వారి ఉద్దేశము మంచిదే. నిజమైన పట్టికపై ప్రోగ్రామును నడిపి చూడవలెనని కోరిక. కాని ఆ పట్టికను ప్రోగ్రాముతోపాటు కమిట్ చేసి, బహిరంగమైన అరకు పుష్ చేసినచో, ఎవరికెంత బాకీ యున్నదో, ఎవరి ఆధార్ నెంబరేమో లోకమంతయు చూచును. ఆధార్ నెంబరును బహిరంగముగా ప్రకటించుటను 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించుచున్నది. పౌరుల సొంత వివరముల రక్షణకు 2023లో వేరుగ ఒక చట్టమును వచ్చినది.

"పొరపాటయినచో మరునాడు తీసివేయుదుము గదా" అని విద్యార్థి అనవచ్చును. చెరపరాని పుస్తకమని ముందు చెప్పిన గుణమే ఇక్కడ ముల్లగును. మరునాటి కమిట్‌లో పట్టికను తీసివేసినను, నిన్నటి కమిట్‌లో అది చెక్కుచెదరక యుండును. వెనుకకు పోయి చూచిన ఎవరికైనను దొరకును. చరిత్రనే తిరుగవ్రాయు ఉపాయములు లేకపోలేదు. అవి కష్టసాధ్యములు, అంతలో ఎవరైన నకలు తీసికొనియున్నచో ఆ నకలు మన చేతిలో లేదు. అందువలన నిండిన పట్టిక ఈయవద్దు. ఖాళీ ఫారము ఇచ్చి, కల్పిత పేర్లతో, కల్పిత నెంబర్లతో పది వరుసలు నింపుకొమ్మనిన చాలును. ప్రోగ్రాము సరిగా లెక్కకట్టునో లేదో తెలిసికొనుటకు పది వరుసలే సరిపోవును. 2019 జనవరి నుండి గిట్‌హబ్‌లో మూసియుంచిన అరలను సామాన్యులు కూడ రుసుము లేకుండ పెట్టుకొనుచున్నారు. సమర్పణ పనికి అట్టి అరయే తగును. దీనివలన తోటివారు కాపీ కొట్టు బెడదయు తగ్గును.

కార్యాలయపు గదిని సాయంత్రము ఏ వేళ తెరచియుంచవలెనో, తాళము ఎవరి యొద్ద నుండవలెనో, వచ్చిన విద్యార్థుల పేర్లు, వేళలు ఏ పుస్తకములో వ్రాయవలెనో తీర్మానములో స్పష్టముగా చెప్పుట మంచిది. బాలికలు చీకటి పడకమునుపే ఇల్లు చేరునట్లు వేళ నిర్ణయింపవలెను. ఆ హాజరు పుస్తకము మరియొక విధమునకూడ అక్కరకు వచ్చును. కరెంటు పోయియో, తీగ తెగియో గడువులోపల పుష్ చేయుట సాధ్యము కాకపోవచ్చును. అప్పుడు విద్యార్థి కమిట్లు గడువునకు ముందటివే యుండును, పుష్ మాత్రము మరునాటిదగును. కమిట్ తేదీని మాత్రమే నమ్ముడని అడుగ వీలులేదని పైన చూచితిమి. అట్టి విద్యార్థికి ప్రెసిడెంటు గారో, కార్యదర్శి గారో ఒక పత్రమును వ్రాసి ఈయవచ్చును. అందు ఫలానా తేదీన ఫలానా వేళనుండి ఫలానా వేళవరకు కార్యాలయములో విద్యుత్తు గాని నెట్ గాని లేదనియు, విద్యార్థి ఆ వేళలో అక్కడ ఉండెననియు హాజరు పుస్తకమును చూచి వ్రాసి, ముద్ర వేసిన చాలును.